ఫోటో కోసం తెచ్చిన పన్నెండు బెల్టులు

ఇప్పుడంటే నేను సైటు గేటు దగ్గర కారు దిగుతున్నానని కబురందితే చాలు, లోపల అందరి తలల మీదికీ హెల్మెట్లు వచ్చేస్తాయి. ఆ రోజుల్లో ఆ వైభవం ఎక్కడిది! నన్ను చూడగానే తల మీదున్న హెల్మెట్టు తీసి, నేల మీద బోర్లా వేసి, "సారొచ్చిండు, ఇగ పాఠం షురువైతది" అంటూ హాయిగా దాని మీద కూర్చునేవారు. పన్నెండు పదమూడేళ్ళ కిందటి మాట. అమలాపురం దగ్గరి పల్లె నుంచి, చేతిలో సేఫ్టీ డిప్లొమా ఒకటి పట్టుకుని హైదరాబాదులో దిగి, మధురానగర్‌లో సగం గది అద్దెకు తీసుకున్నాను. (మిగతా సగం గది సంగతి తర్వాత చెబుతాను, అసలు కొంప ముంచింది ఆ సగమే.) ఉద్యోగం వచ్చిందని ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ "ఏం పనిరా?" అంది. "బిల్డింగులు కట్టే చోట ఎవరూ కింద పడకుండా చూసుకోవాలమ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఎవరి మటుకు వాళ్ళు చూసుకోరూ? దానికి జీతం కూడా ఇస్తారా?" అంది. నాకు ఒళ్ళు మండింది గానీ, సైటులో చేరాక తెలిసింది, అక్కడ అందరి అభిప్రాయమూ అదేనని.

సైటంటే జూబ్లీ హిల్స్ నుంచి ఫిల్మ్ నగర్‌లోకి దిగే వాలులో, బండరాళ్ళు పగలగొట్టి కడుతున్న అయిదంతస్తుల బిల్డింగు. ఒక పెద్ద నిర్మాతగారిది. కింద ప్రివ్యూ థియేటరు, పైన ఆఫీసులు, ఎడిటింగ్ గదులు. అక్కడ నా పనేమిటంటే, పొద్దున్నే పని మొదలవక ముందు అందరినీ నిలబెట్టి (వాళ్ళు కూర్చునేవారు, అది వేరే విషయం) పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పడం, పరంజా పైపుల బిగింపులు చూసి బాగుంటే ఆకుపచ్చ కార్డు, బాగోకపోతే ఎర్ర కార్డు కట్టడం, బెల్టులూ హెల్మెట్లూ ఒక్కొక్కటీ తనిఖీ చేసి రిజిస్టర్లో సంతకం పెట్టడం. అన్నిటికంటే ముఖ్యమైనది నా అపాయింట్‌మెంట్ ఆర్డర్లో ఏడో పాయింటుగా ఉండేది: ప్రమాదం ఉందనిపిస్తే ఎవరినీ అడక్కుండా పని ఆపించే అధికారం నాకుందట. ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, కనిపించిన ప్రతివాడికీ చూపించాను. వాడటం మాత్రం ఒక్కసారీ వాడలేదు. ప్రాజెక్టు మేనేజరు గారు ఒక్క చూపు చూస్తే ఏడో పాయింటు కాదు, నా పేరు కూడా మర్చిపోయేవాణ్ణి. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. నాకు ఎత్తంటే భయం. మొదటి అంతస్తు దాటి నేనెప్పుడూ పరంజా ఎక్కలేదు. ఎవరైనా అడిగితే "కింద నుంచైతే మొత్తం ఒకేసారి కనిపిస్తుంది" అని గంభీరంగా చెప్పేవాణ్ణి.

ఆ సైటులో బయటి గోడలకు ప్లాస్టరింగు చేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. పాలమూరు మనిషి, ఆరడుగుల పైన ఇంకో నాలుగంగుళాలు, అందరూ పొడుగు మేస్త్రి అనేవారు. ఆయన భార్య అక్కడే సిమెంటు మాలు కలిపి అందించేది. నేను ఆవిణ్ణి అక్కా అనేవాణ్ణి, ఆవిడ నన్ను బెల్టు సారూ అనేది. ఎందుకంటే చేరిన దగ్గర్నుంచీ నేను ఆ మేస్త్రి వెంట పడ్డాను, బెల్టు కట్టుకోమని. ఆయన నవ్వేసేవాడు. "ఇరవై ఏండ్ల సంది గోడలు పూస్తున్న సారూ. ఒక చెయ్యి పనికి, ఒక చెయ్యి పానానికి. గీ బెల్టు గిల్టు నాకెందుకు?" అనేవాడు. నిజమే, ఆయన ఎంత ఎత్తున ఉన్నా ఎడమ చెయ్యి పైపుని వదిలేది కాదు. కానీ నా డిప్లొమా ఒప్పుకోదే! రెండు నెలలు చెప్పి చెప్పి, లాభం లేదని మార్గం మార్చి, ఆవిడకు చెప్పడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం అన్నాల వేళ ఫోన్లో బొమ్మలు చూపించాను. ఆవిడ తినడం ఆపి చూసింది. "నిజంగ పట్టుకుంటదా సారూ?" అంది. "అక్కా, ఏనుక్కి కట్టి వేలాడదీసినా తెగదు. నాదీ పూచీ" అన్నాను. ఆ మాట అనేటప్పుడు గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాను, ఎందుకు దాచాలి. ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాల మధ్య పెద్ద యుద్ధమే జరిగిందట. మర్నాడు మేస్త్రి ముఖం ముడుచుకుని వచ్చి, "కొత్తది దెస్తే కడతా. ఇది దీని పోరు, నీ పోరు కాదు" అన్నాడు. అది నా జీవితంలో మొదటి ఘనవిజయం.

విజయం బాగానే ఉంది, బెల్టు ఏదీ? హెల్మెట్లు సగం మందికే ఉండేవి, పనికొచ్చే బెల్టు సైటు మొత్తానికి ఒక్కటే ఉండేది. అది ఎక్కడ పోతుందోనని మేనేజరు గారు స్టోరు గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరిగేవారు. (ఎవరికీ ఇవ్వకపోతే అరగదు, పోదు అని ఆయన సిద్ధాంతం.) కొత్తవి కావాలని నేను రాసిన కాగితాలన్నీ ఆయన బల్ల మీద టీ గ్లాసుల కింద ఉండేవి. "వస్తాయి లేవయ్యా, కంగారేంటి?" అనేవారు. అలాంటి మనిషి ఒకరోజు నన్ను పిలిచి, "ఎల్లుండి ప్రొడ్యూసర్ గారు, ఇన్సూరెన్స్ ఆయన సైట్ విజిట్‌కి వస్తున్నారు. ఫోటోలు తీస్తారు. ప్రతి వర్కరూ హెల్మెట్‌తో, పైన పని చేసేవాళ్ళు బెల్ట్‌తో కనిపించాలి. ఎక్కణ్ణుంచి తెస్తావో నాకు తెలీదు. వాళ్ళు కనిపించకపోతే నువ్వు కూడా కనిపించవు" అన్నారు.

ఇదిగో, ఇక్కడే నా మిగతా సగం గది రంగప్రవేశం చేస్తుంది. ఆ సగంలో ఉండేవాడు సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అసిస్టెంటు. నన్ను బావా అనేవాడు, ఏ వరసనో ఇద్దరికీ తెలీదు. నా ముఖం చూసి విషయం కనుక్కుని, "ఓస్, ఇంతేనా? సింహాసనం కావాలన్నా గంటలో దింపేస్తాం, హెల్మెట్లకి ఏడుస్తావేంటి బావా?" అన్నాడు. మర్నాడు ఫిల్మ్ నగర్లో వాళ్ళ ప్రాపర్టీస్ గోడౌనుకి తీసుకెళ్ళాడు. పోలీసు లాఠీలు, దేవుడి కిరీటాలు, ఆస్పత్రి మంచాలు, వాటి వెనకాల ఒక మూల నలభై హెల్మెట్లు, పన్నెండు బెల్టులు. నా కళ్ళు చెదిరిపోయాయి. పసుపుపచ్చగా ధగధగా మెరిసిపోతున్నాయి. బెల్టుల హుక్కులైతే వెండి గిన్నెల్లా ఉన్నాయి. ఒక హెల్మెట్టు చేతిలోకి తీసుకుంటే గాలిలా ఉంది. దిగుమతి సరుకు కాబోలు, ఎంత తేలిగ్గా చేశారో అని మురిసిపోయాను. ఆటోలోకి ఎక్కిస్తుంటే వాడన్నాడు, "కాస్త జాగ్రత్త బావా, కింద పడేయకండి. పగిలితే మా బాస్ నన్ను చంపేస్తాడు." హెల్మెట్టుని తలే జాగ్రత్తగా చూసుకోవాలంటే ఇక హెల్మెట్టు దేనికని అప్పుడైనా తట్టాలా నాకు? తట్టలేదు. పైగా ఆటోలో కూర్చునే రిజిస్టరు తీసి, పన్నెండు బెల్టులకీ పన్నెండు వరసలు గీసి, కుట్లు చూశారా, చూశాను, హుక్కు లాగి చూశారా, చూశాను, అని టిక్కులు కొట్టేసి సంతకాలు పెట్టేశాను. ఫిల్మ్ నగర్ గతుకుల్లో ఆటో ఎగిరితే ఒక సంతకం పేజీ దాటిపోయింది కూడా.

ఫోటోల రోజు పొద్దున్న మా సైటు కళకళలాడిపోయింది. ఒక్కడూ హెల్మెట్టు మీద కూర్చోలేదు, అంత కొత్తవి మరి. అక్క బెల్టులన్నీ తిరగేసి, అన్నిటికంటే మెరిసేదాన్ని ఏరి, తనే మొగుడికి కట్టింది. ఆయన సిగ్గుపడుతూ నిలబడ్డాడు, పెళ్ళికొడుకులాగా. "మంచిగున్నది" అంది ఆవిడ ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని. రెండు నెలల కష్టం ఫలించిందని నేను పొంగిపోయాను. మిగతా బెల్టులవాళ్ళు ఫోటో కోసం కిందే ఆగారు. ఆయన మాత్రం నాలుగో అంతస్తుకి ఎక్కాడు, హుక్కు పైపుకి తగిలించాడు, పని మొదలుపెట్టాడు.

పదింటికి నిర్మాతగారి కారొచ్చింది. తెల్ల బట్టలు, పెద్ద నవ్వు, మంచి మనిషి. మేనేజరు గారు రెండు చేతులతో ఒక హెల్మెట్టు అందించారు. ఆయన దాన్ని పెట్టుకోబోయి ఆగి, తిప్పి చూసి, వేలితో ఒక్కటి కొట్టారు. టిక్కుమంది. పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. "ఏవయ్యోయ్, ఇవి నా సినిమాలోవే కదా! ఎక్కడ పట్టారు వీటిని?" అన్నారు. మేనేజరు గారు ఏమీ అర్థం కాకపోయినా ఆయనతో పాటు నవ్వారు. నిర్మాతగారు ఇన్సూరెన్సు ఆయన వైపు తిరిగి హుషారుగా చెబుతున్నారు. "కట్టే బిల్డింగులో ఫైటండీ. హీరో ఒక్కటిస్తే హెల్మెట్టు నాలుగు ముక్కలవ్వాలి. పల్చటి ఫైబర్‌తో ప్రత్యేకంగా పోయించాం." "బెల్టులు... బెల్టులు కూడానా సార్?" అన్నాను. "బెల్టులదేనయ్యా అసలు తమాషా! హుక్కులు చెక్కతో చేయించి వెండి రంగు పూయించాం. రౌడీలు వేలాడుతుంటే బరువు పడగానే టప్పుమని తెగాలి. అన్నీ ఫస్ట్ టేకే!"

తలెత్తి చూశాను. నాలుగో అంతస్తు దగ్గర పొడుగు మేస్త్రి రెండు చేతులా పని చేస్తున్నాడు. ఒక చేతిలో తాపీ, ఒక చేతిలో మాలు పలక. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన ఎడమ చెయ్యి పైపుని వదిలేసింది, నా మాట నమ్మి. గోడ సమంగా వచ్చిందో లేదో చూసుకోవడానికి కాస్త కాస్త వెనక్కి వాలుతున్నాడు. బెల్టు తాడు ఇంకా బిగుసుకోలేదు. ఇంకో జానెడు వాలితే బిగుసుకుంటుంది.

ఈల నోట్లో పెట్టుకున్నాను, ఊదలేదు. ఊదితే ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాడు. "సార్, పని ఆపుతున్నాను. స్టోరు తాళంచెవి ఇవ్వండి" అన్నాను. "ఫోటోలయ్యాక చూద్దాం" అన్నారు మేనేజరు గారు పళ్ళ మధ్య నుంచి. "కాదు సార్, ఇప్పుడే." ఆయన ఇంకా ఏదో అనబోతుంటే నిర్మాతగారు నా చూపు వెంట తనూ పైకి చూశారు. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇచ్చెయ్యవయ్యా తాళం!" అని అరవబోయి, గొంతు తగ్గించి అన్నారు. జేబులోంచి తాళంచెవి రావడానికి ఎంత సేపు పట్టిందో, ఆ జేబుని నేను ఈ జన్మలో క్షమించను.

బెల్టు భుజాన వేసుకుని పరంజా దగ్గరికి పరిగెత్తాను. అక్క అక్కడే ఉంది, తట్ట నిండా మాలు ఎత్తుకుని. "నువ్వెందుకెక్కుతున్నవ్ సారూ? నువ్వు ఎక్కవు గదా?" అంది. ఏదో చెప్పి తప్పించుకుందామనుకున్నాను. ఆవిడ నా భుజం మీది బెల్టు చూసింది, నా ముఖం చూసింది. "ఆయన బెల్టు మంచిది కాదా?" అంది చాలా నెమ్మదిగా. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. మంచిది కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. మరొకరైతే గుండెలు బాదుకునేవారు. ఆవిడ తట్ట కింద పెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుని, రోజూ పిలిచే గొంతుతోనే పైకి పిలిచింది. "ఓ! జర పైపు పట్టుకోరాదూ. ఎండకు నా కండ్లు తిరుగుతున్నయ్, నిన్ను గట్ల జూస్తె బుగులైతాంది." పై నుంచి విసుగ్గా జవాబొచ్చింది. "బెల్టు కట్టుకోమంటివి, కట్టుకుంటి. మళ్ళా పైపేందే?" "ముందుగాల పట్టుకోరాదయ్యా!" అంది ఆవిడ. గొణుక్కుంటూ మాలు పలక పక్కన పెట్టి పైపు పట్టుకున్నాడు. ఆ రోజు ఆయన్ని కాపాడింది ఆ పిలుపే. నేను చేసింది ఆ తర్వాతి అల్లరి మాత్రమే.

ఎలా ఎక్కానో నాకు తెలీదు. రెండో అంతస్తు దగ్గర నా తల మీది హెల్మెట్టు జారి కింద పడి, నిర్మాతగారు చెప్పినట్టే సరిగ్గా నాలుగు ముక్కలైంది. నాలుగోది చేరేసరికి మేస్త్రి దెయ్యాన్ని చూసినట్టు చూశాడు. "మీకు కొత్త బెల్టు తెచ్చాను" అన్నాను రొప్పుతూ. "ఇంతకుముందే గదా గీ కొత్తది కట్టుకున్న!" "ఇది ఇంకా కొత్తది" అన్నాను. (రెండేళ్ళ పాతది, దుమ్ము కొట్టుకుపోయి ఉంది.) ఆయనకు తొడిగి, నిజమైన ఇనుప హుక్కుని పైపుకి తగిలించి, అమ్మయ్య అనుకుని, చేయకూడని పని చేశాను. కిందికి చూశాను. అంతే. రెండు చేతులతో నిలువు పైపుని కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నాను. హెల్మెట్టు లేదు, బెల్టు లేదు, నేను రోజూ చెప్పే పాఠంలో ఒక్క ముక్కా నా ఒంటి మీద లేదు.

చివరికి నన్ను ఆయనే దింపాడు. ముందు తను ఒక మెట్టు దిగి, నా చీలమండ పట్టుకుని మెట్టు మీద పెట్టి, "నా దిక్కే జూడు సారూ. కిందికి జూడకు. కుడి కాలు... ఆఁ, గట్లనే. ఇగ ఎడమది" అంటూ చంటిపిల్లాడికి నడక నేర్పినట్టు దింపాడు. ఇన్సూరెన్సు ఆయన ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. ఆ రిపోర్టులో ఎక్కిన ఫోటో అదే, బెల్టు కట్టుకున్న మేస్త్రి, ఆయన చేతిలో సేఫ్టీ ఆఫీసరు కాలు.

నేల మీదికి వచ్చాక అందరి ముందూ చెప్పేశాను. ఇవి సినిమా బెల్టులని, తెగడానికే చేసినవని, చూడకుండా సంతకం పెట్టింది నేనేనని. మేస్త్రి తను విప్పిన బెల్టు హుక్కుని రెండు చేతులతో వంచాడు. పుల్లలా విరిగింది. ముందు నవ్వాడు. తర్వాత ఆ ముక్కల వంక చూస్తూ అక్కడే కూలబడ్డాడు. అక్క నన్ను తిట్టలేదు. తిడితే బతికిపోయేవాణ్ణి. "ఆయన వద్దన్నడు సారూ. నువ్వు చెప్పినవని కొట్లాడి మరీ నేనే కట్టిన" అంది, అంతే. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నిర్మాతగారు నా దగ్గరికొచ్చి, "మేం పడేవాడి కింద పరుపులేస్తామయ్యా. నువ్వేం వేశావు?" అన్నారు. నన్ను అక్కడికక్కడే పంపించేస్తానని మేనేజరు గారు అంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఉండనీ. ఇక జన్మలో వీడు చూడకుండా సంతకం పెట్టడు. ముందు నువ్వు బెల్టులు కొను" అన్నారు. నెలల తరబడి టీ గ్లాసుల కిందున్న కాగితాలు ఆ మధ్యాహ్నమే లేచి నడిచాయి.

మూడో రోజు అసలైన బెల్టులు వచ్చాయి. పొద్దున్నే ఒకటి చేత్తో పట్టుకుని నిలబడి, "ఇవి మాత్రం నిజమైనవి" అని మొదలుపెట్టాను. ఒక్కరూ ముందుకు రాలేదు. ఎందుకొస్తారు? అక్క లేచింది. "నువ్వు కట్టుకో సారూ" అంది. కట్టుకున్నాను. "ఇగ ఏలాడు" అంది. మొదటి అంతస్తు దూలానికి హుక్కు తగిలించి, నేలకు గజం ఎత్తున వేలాడాను. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, తృప్తి పడక, నా రెండు కాళ్ళూ పట్టుకుని తనూ వేలాడింది. నా ప్యాంటు ఊడొస్తుందేమోనని నేను పైకి లాక్కుంటుంటే సైటంతా ఘొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. దిగి, నా ఒంటి మీది బెల్టే విప్పించి మొగుడి చేతికిచ్చింది. "ఇగ కట్టుకో" అంది. "మరి నాది?" అన్నాడు పక్కనున్న ఇంకో మేస్త్రి. ఆ రోజు పన్నెండు సార్లు వేలాడాను. చంకల్లో వాతలు తేలి వారం దాకా చేతులు దించలేకపోయాను. వాళ్ళు మాత్రం బిల్డింగు పూర్తయ్యేదాకా ఒక్కరూ బెల్టు లేకుండా ఎక్కలేదు, ఒక్కరూ పడలేదు.

ఇప్పుడు నేను నాలుగు సైట్లకి సేఫ్టీ మేనేజర్ని. ఒళ్ళూ దానికి తగ్గట్టే పెరిగింది. అయినా ఎక్కడ కొత్త బెల్టులొచ్చినా ముందు నేనే కట్టుకుని వేలాడతాను. నా కింద పనిచేసే కుర్రాళ్ళు చాటుగా వీడియోలు తీసి నవ్వుకుంటారని తెలుసు. "టెస్ట్ సర్టిఫికెట్ ఉంది కద సార్, మీకెందుకీ శ్రమ?" అంటారు పైకి. మొన్న జూబ్లీ హిల్స్ సైటులో అలాగే వేలాడుతుంటే, ఆటోలో ఎగిరెగిరి పడుతూ పన్నెండు సంతకాలు పెట్టిన ఆ బక్కపల్చటి కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి మీద కోపం రావాలి, రాదు, నవ్వొస్తుంది. కింద కూలీలంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఎవరైనా వచ్చి నా కాళ్ళు పట్టుకుని లాగి చూస్తారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. "సారు చెప్పిండు గదా" అనుకుంటూ అప్పుడే బెల్టులు కట్టేసుకుంటున్నారు. ఈ రోజుల్లో నేను చెప్పగానే నమ్మేస్తున్నారు. అందుకే భయమేసి, ఇంకాసేపు వేలాడాను.